పాత గుడికి వెళ్లినప్పుడు: వచ్చినవారి ధర్మం, ఊరివారి ధర్మం

ముంబయి రహదారి మీద పటాన్‌చెరు దాటి, సంగారెడ్డి చౌరస్తా దాటి సదాశివపేట వైపు పోతూ ఉంటే నందికంది అనే గ్రామం వస్తుంది. అక్కడ శ్రీ రామలింగేశ్వరస్వామివారి ఆలయమున్నది. క్రీస్తుశకం 11వ శతాబ్దిలో, కల్యాణి చాళుక్యుల కాలంలో కట్టిన గుడి అది. రహదారి మీద పగలనక రాత్రనక లారీలు, బస్సులు, కర్మాగారాలకు కార్మికులను చేరవేసే బండ్లు పోతూనే ఉంటాయి. వాటిలో ప్రయాణించేవారిలో అధికులకు అక్కడ అంత పాత గుడి ఉన్నదనే తెలియదు.

గత మాఘమాసంలో ఒకనాడు నేనా మండపంలో కూర్చుని ఉండగా ఒక యువదంపతులు కారు దిగి వచ్చారు. చూడగానే నగరంలో ఉద్యోగం చేసుకునేవారని తెలుస్తున్నది. పాదరక్షలు బయటనే విడిచారు, వినయంగానే ఉన్నారు. లోపల ముంగిలి ఊడుస్తున్న ముసలమ్మను ఆ అబ్బాయి, "ఇక్కడ టిక్కెట్టు ఎక్కడ తీసుకోవాలమ్మా?" అని అడిగాడు. ఆమె చీపురు ఆపి అతని ముఖం చూసి, "దేవుని సూసెటందుకు టిక్కెట్టేంది బిడ్డా? యాడికెల్లి వచ్చిన్రు? బువ్వ తిన్నరా?" అన్నది.

ఆ రెండు ప్రశ్నలు చాలాకాలం నా మనస్సులో ఉండిపోయాయి. అబ్బాయి తప్పుగా ఏమీ అడగలేదు. పాత కట్టడం ఉన్నచోట టిక్కెట్టు ఉంటుందని అతడు లోకంలో చూచినదే అడిగాడు. ముసలమ్మ కూడా తన ఇంటికెవరు వచ్చినా అడిగేదే అడిగింది. అతనికి అది చూడదగిన స్థలం. ఆమెకు అది ఇల్లు. ఒకే గుడి ఇద్దరికి రెండు విధాలుగా కనిపించింది. నేడు ప్రభుత్వాలు, పత్రికలు గ్రామీణ పర్యాటకమని, వారసత్వ పర్యాటకమని విరివిగా చెబుతున్న ఈ కాలంలో ఈ రెండు చూపులనూ ఎలా కలపాలన్నదే ఈ వ్యాసంలోని విచారణ.

మన సీమ ఎంత పాతది

సంగారెడ్డి, పటాన్‌చెరు అనగానే నేటివారికి మందుల కంపెనీలు, ఇనుప కర్మాగారాలు, పొగగొట్టాలు గుర్తుకు వస్తాయి. రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం 1960లలో వచ్చింది. పటాన్‌చెరు దగ్గర మెట్టపంటల పరిశోధన కోసం ఇక్రిశాట్ సంస్థ 1972లో ఏర్పడింది. ఆ తరువాత పారిశ్రామికవాడలు విస్తరించాయి. ఇదంతా అరవై ఏండ్ల కథ. దీనికి వెనుక ఎంత కథ ఉన్నదో చూడండి.

పటాన్‌చెరుకు పాతపేరు పొట్టలకెరె. కన్నడంలో కెరె అంటే చెరువు. తెలుగులో అదే పొట్లచెరువు అయింది. కల్యాణి చాళుక్య చక్రవర్తి రెండవ జయసింహుడు 11వ శతాబ్ది పూర్వార్ధంలో ఇక్కడ నెలవీడు చేసి, అనగా రాజనివాసం ఏర్పరచుకొని, పరిపాలించాడు. ఇది ఆనాడు గొప్ప జైనక్షేత్రం. ఇక్కడ దొరికిన తీర్థంకరుల విగ్రహాలను నేడు హైదరాబాదు ప్రదర్శనశాలలలో చూడవచ్చు. పిమ్మట శైవం ప్రబలింది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో ఈ ఊరి ప్రస్తావన ఉన్నది.

సంగారెడ్డికి సమీపాన కొండాపురమున్నది. హైదరాబాదులోని కొండాపూర్ వేరు, ఇది వేరు. ఇక్కడి పాటిదిబ్బలో నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖవారు 1940 నుంచి 1942 వరకు తవ్వకాలు జరిపించారు. శాతవాహనుల కాలపు పట్టణం బయటపడింది. ఇటుక గోడలు, బౌద్ధ కట్టడాల పునాదులు, నాణేలు, రంగురంగుల పూసలు, మట్టిబొమ్మలు లభించాయి. రోమక చక్రవర్తి అగస్టస్ పేరిట వెలువడిన బంగారు నాణెం కూడా ఇక్కడ దొరికింది. అంటే నేడు మందుల డబ్బాలు విదేశాలకు ఎగుమతి అయ్యే ఈ సీమ నుంచే రెండువేల ఏండ్ల క్రితం సముద్రాల ఆవలికి వర్తకం సాగిందన్నమాట. ఆ వస్తువులలో కొన్ని అక్కడే ఉన్న చిన్న ప్రదర్శనశాలలో ఉన్నవి.

మంజీరా తీరాన కల్పగూరులో కాకతీయుల కాలపు కాశీవిశ్వేశ్వరాలయమున్నది. జహీరాబాదు వైపు పోతే ఝరాసంగంలో శ్రీ కేతకీ సంగమేశ్వరస్వామి వెలసి ఉన్నాడు. శివపూజకు మొగలిపువ్వు పనికిరాదని మనకందరికీ తెలుసు. బ్రహ్మ పక్షాన అబద్ధపు సాక్ష్యం చెప్పినందున ఆ పువ్వును శివుడు శపించాడని పురాణకథ. అట్టి కేతకీపుష్పంతోనే స్వామికి పూజ జరగడం ఈ క్షేత్రవిశేషం. తోసివేయబడినదానికి కూడా ఎక్కడో ఒకచోట స్వామి స్థానమిస్తాడని నేను దానిని అర్థం చేసుకుంటాను. కర్ణాటక, మహారాష్ట్రల నుంచి భక్తులు తరతరాలుగా ఇక్కడి గుండంలో స్నానానికి వస్తున్నారు. పర్యాటకశాఖలు పుట్టకముందే ఉన్న రాకపోకలివి.

ఇక నందికంది గుడి రూపాన్ని గురించి రెండు మాటలు. దీని ప్రాకారం కాదు, గర్భగుడి భాగమే నక్షత్రాకారంలో ఉన్నది. ఒక చతురస్రాన్ని దాని కేంద్రం కదలకుండా కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే దాని మూలలన్నీ ఒక వృత్తం మీద వరుసగా నిలుస్తాయి. ఆ మూలలను గోడలుగా లేపితే నక్షత్రం ఏర్పడుతుంది. పొద్దు కదిలేకొద్దీ ఒక కోణం వెలుగులోకి వస్తుంది, పక్క కోణం నీడలోకి పోతుంది. మండపంలోని నడిమి స్తంభాల మీద దేవతామూర్తులున్నారు. కోణం లెక్క తప్పకుండా రాతిని నిలిపిన ఆ శిల్పులు నేటి కర్మాగారాలలో కొలతలు చూసేవారికి పూర్వీకులే.

యాత్ర, పర్యటన, దర్శనం

మాటలను విడదీసి చూస్తే విషయం తేటపడుతుందని మా గురువులు చెప్పేవారు. పర్యటన అనే మాటలో 'పరి' అంటే చుట్టూ, 'అట' ధాతువుకు తిరుగుట అని అర్థం. చుట్టూ తిరిగి రావడం పర్యటన. అందులో దోషమేమీ లేదు. మన పూర్వులూ దేశాటనం వల్ల పాండిత్యం పెరుగుతుందని నమ్మినవారే. తీర్థం అనే మాట 'తౄ' ధాతువు నుంచి వచ్చింది. దాటుట దాని అర్థం. నదిని దాటడానికి దిగే రేవు తీర్థం. కనుక తీర్థయాత్రకు వెళ్లినవాడు ఏదో ఒకటి దాటి రావాలి. వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగివస్తే అది పర్యటన అవుతుంది గాని తీర్థయాత్ర కాదు.

దర్శనం అనే మాటను మనం గుడిలో ఎలా వాడుతామో గమనించండి. ఊరకే చూడటాన్ని దర్శనమనము. మనం స్వామిని చూస్తాము, స్వామి మనలను చూస్తాడు. ఆయన చల్లనిచూపు మన మీద పడాలని కోరుకుంటాము. చూపు ఇరువైపులా సాగితేనే దర్శనం. ఊరిని చూడటానికి వెళ్లినప్పుడు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. మనం ఊరిని చూస్తున్నప్పుడు ఊరు మనలను చూస్తూనే ఉంటుంది.

మహాభారతం అరణ్యపర్వంలో తీర్థయాత్రా ప్రకరణమున్నది. యజ్ఞాలకు ధనం కావాలి, సామగ్రి కావాలి, సహాయకులు కావాలి, అవి రాజులకే సాధ్యం, తీర్థయాత్ర పేదవానికి కూడా సాధ్యమని పులస్త్యుడు భీష్మునికి చెబుతాడు. అక్కడితో ఆగలేదు. ఆ ఫలం ఎవరికి దక్కుతుందో కూడా చెప్పాడు. చేతులు, కాళ్లు, మనస్సు అదుపులో ఉన్నవారికి, ఉన్నదానితో తృప్తిపడేవారికి, అహంకారం లేనివారికి దక్కుతుందన్నాడు. అక్కడ కాళ్లు, చేతుల ప్రస్తావన ఎందుకని చదువుకునే రోజులలో నాకు సందేహముండేది. విగ్రహం పీఠం మీద కాలుపెట్టి ఫోటో దిగేవారిని, స్తంభం మీద పేరు చెక్కేవారిని చూసిన తరువాత సందేహం తీరింది.

నేను చేసిన పొరపాటు

తప్పులన్నీ పడుచువారి మీద వేయడం న్యాయం కాదు. నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ముప్పై ఏండ్ల క్రితం పదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని ఈ ప్రాంతంలోని ఒక పాత శివాలయానికి వెళ్లాను. గర్భగుడి ద్వారం ముందు నిలబడి ద్వారశాఖల మీది శిల్పాలను వివరించడం మొదలుపెట్టాను. గజలక్ష్మి, ద్వారపాలకులు, లతలు, ఒక్కొక్కటే చెబుతూ పోయాను. విద్యార్థులు రాసుకుంటున్నారు. నాకు ఉత్సాహం పెరిగింది. గంటకు పైగా గడిచింది.

ముగించి వెనుదిరిగేసరికి మండపం చివర ఒక గృహిణి కూర్చుని ఉన్నది. ఒడిలో మూతపెట్టిన గిన్నె, పక్కన చంటిబిడ్డ. నైవేద్యం తెచ్చింది. మేము దారి అడ్డుకున్నందున అంతసేపూ ఆగిపోయింది. "అడగకపోయావా అమ్మా, జరిగేవాళ్లం కదా" అన్నాను. "మీరేదో సదువు సెప్తున్నరు గద అయ్యా, మధ్యల ఎట్ల వస్తం" అన్నది. బిడ్డకు ఆ రోజు మొదటిసారి అన్నం ముట్టించాలట. అనుకున్న వేళ దాటిపోయింది.

ఆ ద్వారశాఖల మీద ఏ శిల్పమున్నదో నాకు తెలుసు. ఆ ద్వారం ఎవరికోసం తెరచి ఉన్నదో మాత్రం ఆ గంటసేపు తెలియలేదు. శాస్త్రం చదివిన నేనే ఆనాడు పర్యాటకుణ్ణి. గిన్నె పట్టుకుని ఓపికగా కూర్చున్న ఆ తల్లి యాత్రికురాలు. అప్పటినుంచి ఏ గుడికి వెళ్లినా ముందు వెనుదిరిగి చూసి, ఎవరైనా వేచి ఉన్నారేమో కనుక్కుని తరువాతే నోరు విప్పుతున్నాను.

ఊరివారి కష్టసుఖాలు

చూడవచ్చినవారికి ఊరు రెండు గంటల ముచ్చట. ఊరివారికి నిత్యజీవితం. ఆ భేదాన్ని కొన్ని ఉదాహరణలతో చెబుతాను.

కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్న కట్టడానికి, దిబ్బకు చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం చేయరాదని 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతుంది. ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతి తీసుకునే కట్టుకోవాలి. చట్టం మంచిదే. అది లేకపోతే ఎన్నో కట్టడాలు ఈపాటికి ఇండ్ల పునాదులలో కలిసిపోయేవి. కాని కొడుకు పెండ్లికి మరో గది వేసుకోదలచిన రైతుకు ఆ గీత భారంగానే ఉంటుంది. వారసత్వం దేశానిది, అసౌకర్యం ఆ ఇంటిది. ఈ సంగతి చూడవచ్చినవారికి తెలియదు. తెలిస్తే వారి మాటలో కొంత మెత్తదనం వస్తుంది.

చిన్న గుడులలో అర్చకుడు ఒక్కడే ఉంటాడు. ధూపదీప నైవేద్య పథకం కింద ఎంపికైన ఆలయాలకు ప్రభుత్వం నెలకు 6,000 రూపాయలిచ్చేది. 2023లో దానిని 10,000 చేశారు. అందులోనే స్వామి నైవేద్యం, అర్చకుని జీవనం. ఆయన ఉదయం పూజచేసి, తలుపువేసి, పొలానికో మరో గుడికో పోతాడు. మధ్యాహ్నం వచ్చినవారు తలుపు మూసి ఉన్నదని విసుక్కుంటారు. తలుపు వెనుక ఉన్న ఆ లెక్క వారికి కనబడదు.

ఈ పారిశ్రామికవాడ గ్రామాలకు మరొక బాధ ఉన్నది. కర్మాగారాల వ్యర్థజలాలతో నక్కవాగు, ఇస్కవాగు చెడిపోయాయని ఇక్కడి ప్రజలు చేసిన ఫిర్యాదు 1990లో సర్వోన్నత న్యాయస్థానం దాకా పోయింది. ఆ వాగులు పోయి కలిసేది మంజీరలోనే. మనం తీర్థమని తలపై చల్లుకునే నది అది, హైదరాబాదు నగరం దప్పిక తీర్చిన నది కూడా. గుడికి వచ్చి, శిల్పాన్ని పొగడి, వాగు వాసనకు ముక్కు మూసుకుని వెళ్లిపోయేవారిని చూసి ఆ ఊరివారేమనుకుంటారు? గుడిని కాపాడాలన్నవారు గుడి పక్క నీటిని కూడా కాపాడాలని కోరవద్దా?

ఊరివారంటే ఎవరన్న ప్రశ్న కూడా ఇక్కడ మారిపోయింది. పాత కుటుంబాల పిల్లలు కంపెనీలలో షిఫ్టులకు పోతున్నారు, ఉత్సవం నాడు పల్లకి మోయడానికి భుజాలు దొరకడం లేదు. వారి పక్కనే బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కార్మికులు అద్దె గదులలో ఉంటున్నారు. శివరాత్రినాడు బీరంగూడ గుట్ట మీద శ్రీ భ్రమరాంబా మల్లికార్జునస్వామి సన్నిధిలో వరుసలో నిలబడితే నాలుగైదు భాషలు చెవిన పడతాయి. వీరిని పర్యాటకులనలేము, గ్రామస్థులనీ ఇంకా ఎవరూ అనడం లేదు. కాని సొంతఊరు విడిచివచ్చి, కొత్తచోట మొదట గుడిని వెతుక్కున్నవారు వీరు. నా దృష్టిలో ఈ సీమకు నేడు అసలైన యాత్రికులు వీరే.

జైలు ప్రదర్శనశాల చెప్పే పాఠం

సంగారెడ్డిలో పాత జిల్లా కారాగారమున్నది. 1796లో కట్టినది. ఖైదీలను కొత్త జైలుకు మార్చిన తరువాత 2016లో దీనిని ప్రదర్శనశాలగా చేశారు. 500 రూపాయలు చెల్లించి ఒక పగలూ రాత్రీ ఖైదీవలె అందులో ఉండే ఏర్పాటు కూడా చేశారు. ఖైదీ దుస్తులు, పళ్లెం, జైలు భోజనం ఇచ్చారు. దూరప్రాంతాల నుంచి కూడా జనం వచ్చారు, పత్రికలలో విశేషంగా రాశారు.

దీనిని విని మొదట నాకు నవ్వు వచ్చింది. డబ్బిచ్చి చెరలో పడేవారుంటారా అనుకున్నాను. తరువాత ఆలోచిస్తే అందులో ఒక న్యాయం కనిపించింది. నేటి మనిషికి ఊరకే చూసిపోవడం చాలడం లేదు. ఒక బ్రతుకును ఒక్క రోజైనా అనుభవించాలని కోరుకుంటున్నాడు. ఆ కోరిక మంచిది. జైలులో దానిని తీర్చడం సులభం. అక్కడిప్పుడెవరూ నివసించరు. ఎవరి వంట, ఎవరి పూజ, ఎవరి నిద్రా చెడదు.

పల్లెటూరు అట్లా కాదు. అక్కడ ప్రతి అరుగు ఒకరి ఇంటిది. ప్రతి మెట్టు మీద ఎవరో ఒకరు రేపు ఉదయం ముగ్గువేయాలి. ఖాళీ కట్టడానికి సరిపోయిన నియమాలు కాపురమున్న ఇంటికి సరిపోవు. గ్రామ పర్యాటకమంటే ఇంటిని ప్రదర్శనశాల చేయడమని పొరపడినచోటల్లా ఊరివారు కొన్నాళ్లకు తలుపులు వేసుకుంటారు.

ఊరివారు గృహస్థులుగా నిలిచిన చోటు

మరి సరైన మార్గం ఏది? మన రాష్ట్రంలోనే రెండు ఉదాహరణలున్నవి.

భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. 1951లో ఆచార్య వినోబాభావేకు మొదటి భూదానం జరిగిన ఊరది. అక్కడికి వెళ్లినవారు ఏమి చూస్తారు? నూలుకు ముందే ముడులు వేసి, రంగులో ముంచి, మగ్గం మీదికి ఎక్కించి, నేసేటప్పుడు బొమ్మ తేలేలా చేసే ఇక్కత్ పనిని చూస్తారు. నేతగాడు చూపరుల కోసం నటించడం లేదు. తన పని తాను చేసుకుంటున్నాడు. చూసినవారు చీర కొంటే ఆ ధనం ఆ పనికే చేరుతుంది. చూపు పనికి గౌరవమైంది, గౌరవం బ్రతుకుతెరువైంది.

రెండవది మన జహీరాబాదు ప్రాంతానిదే. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని మహిళారైతులు ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతర చేస్తారు. జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాల విత్తనాలను ఎడ్లబండ్ల మీద అలంకరించి ఊరూరా తిప్పుతారు. ఏ ఊరికి ఏనాడు పోవాలో వారే నిర్ణయిస్తారు, పాటలు వారివే, విత్తనాలు వారివే. చూడవచ్చినవారు ఆ బండ్ల వెంట నడుస్తారు. ఇది కొత్తగా మొదలైన జాతరే అయినా దీని పద్ధతి మన రథోత్సవం పద్ధతే. ఉత్సవం ఎవరిదో వారే ముందు నడుస్తారు, అతిథి వెనుక నడుస్తాడు.

తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని వ్యుత్పత్తి. అతిథిని దేవునిగా చూడమని శాస్త్రం గృహస్థునికి చెప్పింది. ఈ మాటను పర్యాటక ప్రకటనలలో తరచు వాడుతున్నారు. కాని అది గృహస్థునికి చెప్పిన మాటగాని, నేను దేవుణ్ణని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొమ్మని అతిథికి చెప్పినది కాదు. గృహస్థుడు పెట్టినది తిని, చూపినచోట కూర్చుని, వేళకు సెలవు తీసుకోవడం అతిథి ధర్మం. ఇరుపక్షాలూ తమ తమ ధర్మం గుర్తుంచుకుంటే రాకపోకల వల్ల ఇరువురికీ మేలే.

వచ్చేవారు పాటించవలసినవి

1. ముందు స్వామి, తరువాత శిల్పం. లోపల పూజ జరుగుతూ ఉంటే అది ముగిసేదాకా ఫోటోలు, వివరణలు ఆపండి. మీ వెనుక నైవేద్యంతో ఎవరైనా నిలబడి ఉన్నారేమో చూడండి.

2. మూలమూర్తికి తప్ప ఇతర శిల్పాలకు నూనె, పసుపు, కుంకుమ పూయకండి. నూనె దుమ్మును పట్టి రాతి మీద పొరకడుతుంది. భక్తితో చేసినా కీడు కీడే. సుద్దతో, బొగ్గుతో గోడల మీద రాయకండి.

3. ఇంటి ముందు కూర్చున్న పెద్దలను, నీళ్లు మోసే స్త్రీలను, పిల్లలను అడగకుండా ఫోటో తీయకండి. పేరు అడిగి, మీ పేరు చెప్పి, తరువాత అడగండి. వద్దంటే మానండి.

4. హుండీలోనో అర్చకుని పళ్లెంలోనో మీ శక్తికొలది వేయండి. ఊరి కొట్టులో ఏదైనా కొనండి. జొన్నరొట్టె పెట్టే ఇల్లు ఉంటే వెల ఇచ్చి తినండి. ఊరిలో మీరు విడిచిరావలసినది ఇదే. ఖాళీ సీసాలు, సంచులు మీతో తీసుకుపొండి.

5. పిల్లలకు ఆ ఊరి పేరు, స్వామి పేరు, కట్టిన కాలం చెప్పి తీసుకురండి. పేరు తెలియని చోటికి వెళ్లిన జ్ఞాపకం నిలవదు.

ఊరివారు చేసుకోవలసినవి

1. స్థలపురాణం పెద్దల నోటిలో ఉన్నప్పుడే రాయించండి. దానిని తెలుగులో పెద్ద అక్షరాలతో గుడి దగ్గర పెట్టండి. గుడి తెరచే వేళలు, తాళంచెవి ఉన్నవారి పేరు కూడా అక్కడే రాయండి.

2. జీర్ణోద్ధరణ పేరిట పాత స్తంభాలకు రంగులు, సున్నాలు వేయకండి. సిమెంటు పనికి ముందు పురావస్తుశాఖవారిని అడగండి. శాసనాల రాళ్లను బట్టలు ఉతకడానికి, గడపలకు వాడిన ఊళ్లు నేను చూశాను. ఆ రాతి మీది లిపిలో మీ ఊరి పేరే ఉండవచ్చు.

3. గుప్తనిధుల ఆశతో నందులను, పీఠాలను పెకలించే దుర్మార్గులున్నారు. పూర్వులు రాతి కింద దాచిన నిధి ఏమీ లేదు. ఆ రాయే నిధి. పాడుబడిన గుడిలో కూడా సాయంకాలం ఒక దీపం వెలిగితే దొంగ వెనుకాడతాడు.

4. వచ్చినవారికి తాగునీరు, మరుగుదొడ్డి, కూర్చునే నీడ కల్పించండి. వారి నుంచి వచ్చే ఆదాయంలో గుడికెంత, ఊరికెంత అన్నది గ్రామసభలో అందరి ముందూ తేల్చుకోండి.

5. మీ ఊరిలో అద్దెకున్న పరరాష్ట్ర కార్మికులను ఉత్సవానికి పిలవండి. పల్లకికి భుజాలు లేవని బాధపడే ఊరిలో భుజాలకు కొదువ లేదు, పిలుపుకే కొదువ.

మళ్లీ నందికందికి వద్దాము. ఆ యువదంపతులు టిక్కెట్టు లేదని విని కొంచెం సిగ్గుపడ్డారు. ముసలమ్మ వారిని లోపలికి తీసుకుపోయి, "ఈన రామలింగడు" అని తన బంధువును పరిచయం చేసినట్లు చెప్పింది. వారు దండం పెట్టుకున్నారు. తరువాత నేను స్తంభాలను చూపి నాకు తెలిసినది చెప్పాను. వెళ్లేముందు ఆ అమ్మాయి ముసలమ్మ చేతిలోని చీపురు తీసుకుని మిగిలిన ముంగిలి ఊడ్చింది. ముసలమ్మ వద్దనలేదు. పక్కన కూర్చుని, ఎక్కడ దుమ్ము మిగిలిందో చూపించింది.

అంతకంటె పెద్ద రుసుము ఆ గుడికి ఎవరూ చెల్లించి ఉండరని నాకు తోచింది. మీరు ఈ మాసంలో ఆ దారిన పోతే ఒక్క అరగంట ఆగండి. స్వామిని చూడండి, స్వామి చూపులో పడండి, ఊరివారితో రెండు మాటలు మాట్లాడి రండి.

స్వస్తి.